వెకేషన్ అని రాసిన కాన్పులు

"అది వాళ్లకమ్మా, మనకు గాదు."

ఈ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సౌదీలోని అల్ ఖర్జ్‌లో మేం పనిచేసే క్లినిక్‌లో ఈ మాట వినని రోజు లేదు. ఓవర్‌టైమ్ అడిగితే అది వాళ్లకు. జాతీయ దినం సెలవు అడిగితే అదీ వాళ్లకే. వాళ్లంటే ఈ దేశస్థులు. మనకేమో ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు, నెల జీతం, ఊరికెళ్లే టికెట్టు. అంతకు మించి అడిగితే ఆశ కింద లెక్క. ఇందులో విచిత్రమేమిటంటే, ఈ మాట ఒక్క సౌదీ మనిషి నోటినుంచి కూడా నేను వినలేదు. అన్నవాళ్లంతా మనవాళ్లే. నా కోపమంతా అక్కడే మొదలైంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. తెనాలి దగ్గర పుట్టి, గుంటూరులో చదువుకుని, పెళ్లయ్యాక మా ఆయన వెనకాల ఈ ఊరొచ్చాను. ఆయన ఇక్కడి పాల కంపెనీలో శీతలీకరణ ప్లాంటు ఇంజినీరు. రియాద్‌కి దక్షిణాన, ఎడారి మధ్యలో, ఎటు చూసినా ఆవుల షెడ్లే. ఊళ్లో నేను పనిచేసేది ఒక ప్రైవేటు క్లినిక్‌లో. మా పనిలో ఒక నియమముంది. ట్యూబు మీద పేరు తప్పు పడితే ఆ రక్తం ఎంత శుభ్రంగా తీసినా పారేయాల్సిందే. లోపల ఉన్నది ఒకటి, పైన రాసింది ఒకటి అయితే దాన్ని నమ్మి మందిస్తే మనిషి ప్రాణం మీదకొస్తుంది. చదువు చెప్పిన మేడమ్ మొదటిరోజే ఈ మాట చెప్పి, తప్పు రాసిన ట్యూబుని మా కళ్లముందే చెత్తలో వేసింది. అప్పట్నుంచి పేరు తప్పు కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు.

మా క్లినిక్‌లో హెచ్.ఆర్. చూసేది ఒక జగిత్యాల ఆయన. అందరూ ఆయన్ని అన్న అనే పిలుస్తారు. వయసులో ఉన్నప్పుడు వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిపోయిన మనిషి. అరబ్బీ మాట్లాడటం, చదవటం ఆయనకు మంచినీళ్ల ప్రాయం. ఇఖామా గడువు దాటబోతుంటే మనకంటే ముందు ఆయనకే గుర్తొస్తుంది. ఎవరికి జ్వరమొచ్చినా చారు వండి డబ్బాలో పెట్టి పంపిస్తాడు. అలాంటి మనిషి "అది మనకు గాదు" అంటే ఇక ఎదురు ప్రశ్న ఎవరు వేస్తారు? పరాయివాడు మోసం చేస్తే తెలుస్తుంది. అన్నలాంటివాడు ప్రేమగా చెప్పిన అబద్ధం అబద్ధమని తెలియడానికే ఏళ్లు పడుతుంది.

మా క్లినిక్‌లో మన ఆడవాళ్లకు కాన్పులు ఎలా జరిగేవో చెప్పాలి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. అందులో తప్పేమీ లేదు, కన్నతల్లి చేతికింద కనడం కంటే సుఖమేముంది? కానీ ఆ ఆనవాయితీని మా క్లినిక్ ఎంత కమ్మగా వాడుకుందో చూడండి. ఆడపిల్ల నెల తప్పగానే అన్న దగ్గరకెళ్లి వెకేషన్ ఎంత జమైందో చూపించుకునేది. రెండేళ్లు ఎక్కడికీ కదలకుండా కూడబెట్టుకున్న సెలవంతా ఒక్కసారి రాసిచ్చి, విమానమెక్కి, ఊళ్లో కని, సెలవు అయిపోగానే పసిబిడ్డను వాళ్లమ్మ ఒళ్లో పెట్టి తిరిగొచ్చేది. కాగితం మీద అది కాన్పు కాదు, విహారయాత్ర. కొందరైతే సెలవు జమయ్యేదాకా పిల్లల్ని వాయిదా వేసుకునేవాళ్లు. సెలవు చూసుకుని కడుపు పండించుకోవడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు.

మా దగ్గర విజయనగరం నుంచి వచ్చిన నర్సమ్మాయి ఒకతె ఉండేది. అలాగే వెళ్లి, అలాగే కని, అలాగే తిరిగొచ్చింది. వచ్చిన మొదటి వారం డ్యూటీ మధ్యలో బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకునేది. ఒకరోజు తలుపు సరిగా పడక నేను చూశాను. గోడకి తల ఆనించి, సింకులోకి పాలు పిండేస్తోంది. నన్ను చూసి యూనిఫామ్ సర్దుకుని, "నొప్పెడతన్నాయక్కా, ఏటి సేస్తాం" అని నవ్వబోయింది. దేశమంతటికీ పాలు పంపే ఊళ్లో ఒక పసిదాని పాలు సింకులో పోతున్నాయి. ఆ పిల్లకు అక్కడ నేనేం చెప్పగలను? వేన్నీళ్ల కాపడం పెట్టుకోమని చెప్పి వచ్చేశాను.

తర్వాత నా వంతు వచ్చింది.

ఏడో నెలలో డాక్టరమ్మ స్కాన్ చూసి, మాయ కిందకి ఉందని, ఎప్పుడైనా రక్తం పడొచ్చని, విమానం మాట ఎత్తొద్దని చెప్పింది. ఊళ్లో మా అమ్మ ఫోన్లోనే రాగాలు తీసింది. "తొలికాన్పు పుట్టింట్లో చెయ్యకపోతే నలుగురూ ఏవనుకుంటారే?" అంది. నలుగురి సంగతి తర్వాత చూద్దాం, ముందు నేనూ నా బిడ్డా బతకాలి కదమ్మా అన్నాను. మర్నాడు అన్న గదికి వెళ్లాను.

"అన్నా, నేను ఊరికి వెళ్లట్లేదు. ఇక్కడే కాన్పు. మెటర్నిటీ లీవ్ పెట్టుకోవాలి. ఎలా పెట్టాలో చెప్పండి."

ఆయన కంప్యూటర్ మీంచి తలెత్తి, నేనేదో పరాచికమాడినట్టు నవ్వాడు.

"మెటర్నిటీ లీవా? అది వాళ్లకమ్మా, మనకు గాదు. నీ ఎకేషన్ ఎంత జమైందో చూస్త. గదే రాస్కుందాం. ఇంట్ల పండుకోని రెస్ట్ తీస్కో."

"వెకేషనేంటన్నా? నేనేమన్నా ఊటీ పోతున్నానా?"

"అందరు గట్లనే రాసిన్రు గదమ్మా. నువ్వొక్కదానివే కొత్తగ అడుగుతున్నవ్."

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన బూట్లు విప్పుకుంటూ అంతా విన్నాడు.

"మా ఫారంలో చూడి ఆవుని ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం ఆపేస్తారు," అన్నాడు. "వేరే షెడ్డు, వేరే దాణా, డాక్టరు రోజూ వచ్చి చూస్తాడు. దాని చేత ఎవరూ వెకేషన్ రాయించుకోరు."

ఆయన నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆవుపాటి చెయ్యనా నేను అని ఒకటే మంట. ఆ మంటలోనే ఫోను తీసి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కార్మిక చట్టం వెతికాను. దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. పైనే ఉంది, అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ. పనిచేసే స్త్రీకి ప్రసవానికి పన్నెండు వారాల సెలవు, పూర్తి జీతంతో. ఆ జీతం ఇవ్వాల్సింది యజమాని. కాన్పు ఎప్పుడవుతుందో ఆసుపత్రి కాగితం ఉంటే చాలు. నేను మళ్లీ మళ్లీ చదివాను. పనిచేసే స్త్రీ అని ఉంది. ఏ దేశపు స్త్రీ అని లేదు. కింద ఇంకో వాక్యం ఉంది. పుట్టిన బిడ్డకు ఆరోగ్యం బాగాలేక తల్లి దగ్గరే ఉండాల్సి వస్తే, ఆ సెలవు అయ్యాక ఇంకో నెల పూర్తి జీతంతో ఇవ్వాలి. ఆ వాక్యాన్ని మాత్రం నాకు అక్కర్లేనిదన్నట్టు దాటేశాను.

పొద్దున్నే ఫోను పట్టుకుని అన్న ముందు నిలబడ్డాను. ఆయన చదివాడు. అరబ్బీ వైపే చదివాడు. చదివి ఫోను తిరిగిచ్చాడు.

"రాసుంటదమ్మా. రాసుండుడు వేరే, నడుసుడు వేరే."

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే అన్నా," అన్నాను నేను, నోరు ఆగక.

"నేనెక్కడి పూజారినమ్మా. గుడి బయట చెప్పులు కాసేటోణ్ణి."

ఆ జవాబుకి అక్కడున్న ఫైళ్ల బీరువా మీద ఒక గుద్దు గుద్దాలనిపించింది. చెప్పులు కాసేవాడు గుడి తలుపు తెరిచే ఉందని చెప్పొచ్చు కదా? చెప్పడానికి కానీ ఖర్చా? కానీ పెద్దాయన, రేపు అవసరం పడితే ఆయనే దిక్కు. గుద్దకుండా వచ్చేశాను. దరఖాస్తు పెడదాం, ఇంకా సమయముంది కదా అనుకున్నాను.

సమయం లేదు. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో నిలబడి ఉండగానే కాళ్ల వెంట వెచ్చగా దిగింది. రోజూ రక్తం చూసేదాన్ని, అది నాదని అర్థం కావడానికి కాస్త పట్టింది. విజయనగరం పిల్లే నన్ను పడకుండా పట్టుకుని అంబులెన్స్ ఎక్కించింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి పాపను తీశారు. పుట్టగానే ఏడవలేదు. నాకు చూపించకుండానే తీసుకెళ్లి గాజుపెట్టెలో పెట్టారు. మర్నాడు చక్రాల కుర్చీలో వెళ్లి చూశాను. మా ఆయన అరచెయ్యి అంత వీపు, ముక్కులోంచి గొట్టం. పెట్టెకున్న కన్నంలోంచి వేలు పెడితే ఆ వేలు పట్టుకుంది. ఎవరి పిల్ల అయినా పట్టుకుంటుంది, అది మాకు చదువులో చెప్పారు కూడా. అయినా సరే, ఇక ఈ వేలు ఎవరు తీయమన్నా తీయను అనుకున్నాను.

ఆ రోజే రెండు ఫోన్లకు రెండు సందేశాలు వచ్చాయి.

మొదటిది మా ఆయనకు, వాళ్ల కంపెనీ నుంచి. పాప పుట్టినందుకు అభినందనలు, చట్టప్రకారం తండ్రికి వచ్చే మూడు రోజుల సెలవు మీ ఖాతాలో వేశాం, జీతం కోత ఉండదు అని. ఆయన అడగను కూడా లేదు. ఆసుపత్రిలో ఉన్నాను, భార్యకు ఆపరేషన్ అయింది అని మాత్రం చెప్పాడంతే.

రెండోది నాకు, మా క్లినిక్ నుంచి. మీ వార్షిక సెలవు మంజూరైంది, సెలవులు ఆనందంగా గడపండి అని. చివర్న ఒక కొబ్బరిచెట్టు, ఒక సూర్యుడు బొమ్మలు.

నేను ఆ కొబ్బరిచెట్టు వంక ఎంతసేపు చూశానో తెలీదు. కుట్లు సలుపుతున్నాయి. పాలు ఇంకా పడలేదు. పక్క గదిలో నా బిడ్డ ఊపిరి మిషను తీస్తోంది. ఆనందంగా గడపమంటున్నారు. అన్న నా తరఫున నా వెకేషన్ మొత్తం రాసేశాడు. నేను అడగకుండా, నేను సంతకం పెట్టకుండా, నాకు మేలు చేస్తున్నానన్న ధీమాతో రాసేశాడు. అది ఎప్పటికి అయిపోతుందో చూసుకున్నాను. పాపను ఎప్పుడు ఇంటికి పంపుతారని డాక్టర్ని అడిగితే, అంతకంటే తర్వాతి మాటే చెప్పింది. అంటే పాప ఇంకా గాజుపెట్టెలో ఉండగానే నేను వెళ్లి ఎవరిదో రక్తం తీస్తూ కూర్చోవాలి. అది ఇంటికొచ్చే రోజుకి నేను డ్యూటీలో ఉండాలి. ఊరికి పంపిద్దామన్నా ఆ పసిదానికి పాస్‌పోర్టు లేదు, విమానమెక్కే బలమూ లేదు. దాన్ని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్లను?

"గొడవ తర్వాత పెట్టుకుందాం," అన్నాడు మా ఆయన. "ముందు పాప బాగుపడనీ. ఇప్పుడు వాళ్లతో పెట్టుకుంటే నీ ఉద్యోగానికి ఎసరొస్తుంది."

"పాప బాగుపడాలనే గొడవ. మీ మూడు రోజులు మీకు ఏ దేశస్థులని అడిగి ఇచ్చారు?"

ఆయన తన ఫోను వంక చూసుకున్నాడు.

"మీరూ ఇండియా నుంచే వచ్చారు, నేనూ అక్కడినుంచే వచ్చాను. మీకు వచ్చింది నాకెందుకు రాదు? కన్నది నేను కదండీ!"

ఆ చివరి మాటకు పక్క మంచం ఆవిడ కూడా తిరిగి చూసింది. చూడనీ అనుకున్నాను. మా ఆయన తన ఫోను నా చేతిలో పెట్టాడు. "నా సెలవు మెసేజీ కూడా జత చెయ్యి," అన్నాడు.

మంచం మీదే దరఖాస్తు రాశాను. నేను వార్షిక సెలవు అడగలేదు, దాన్ని తీసేయండి. నేను అడుగుతున్నది ప్రసూతి సెలవు. ఇదిగో ఆసుపత్రి రిపోర్టు, ఇదిగో చట్టంలోని వాక్యం. అన్నకూ పంపాను, పైన మేనేజరుకూ పంపాను. నిమిషాల్లో అన్న ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"ఎందుకమ్మా మేనేజర్‌కు పెట్టినవ్? నాకు చెప్తె సరిపోతుండె గదా. ఫైనల్ ఎగ్జిట్ కొట్టిన్రంటే ఉద్యోగం పాయె, దేశం పాయె. పసిబిడ్డతోని ఏడికి పోతవ్?"

"కాన్పు సెలవులో ఉన్న ఆడదాన్ని తీసెయ్యకూడదని కూడా అందులోనే రాసుందన్నా. చదవండి. మీకు చదవడం వచ్చు కదా!"

ఫోను పెట్టేశాడు.

కుట్లు మానకముందే మేనేజరు పిలిపించాడు. నేను ఆసుపత్రిలో పాపను చూసి, అక్కణ్నుంచే నెమ్మదిగా క్లినిక్‌కి వెళ్లాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. వాళ్ల కాఫీ, కహ్వా పోసి, ఖర్జూరాలు నా వైపు జరిపి, పాప ఎలా ఉందని అడిగి, దేవుడు చల్లగా చూడాలన్నాడు. తర్వాత అసలు విషయానికొచ్చి అరబ్బీలో మాట్లాడాడు. అన్న పక్కనే నిలబడి తెలుగులో చెప్పాలి.

"ఇన్నేండ్లల్ల ఎవ్వలు అడగలేదంటున్నడు," అన్నాడు అన్న.

"మరి?"

"మీ ఆడోళ్లు తల్లిగారింట్ల కనుడు ఆనవాయితంట గదా, అందుకోసమే ఎకేషన్ కావాలంటరని... చెప్పిన్రంట."

"ఎవరు చెప్పారంట?"

అన్న ఆ ప్రశ్నను అరబ్బీలోకి మార్చలేదు. మార్చాల్సిన పని కూడా లేదు. మేనేజరు ముందే ఆయన వైపు చూస్తున్నాడు. తాను చెప్పిన ఆ మాటను కూడా పొల్లుపోకుండా నాకు తెలుగులో చెప్పి, కార్పెట్ వంక చూస్తూ నిలబడ్డాడు అన్న.

మా అమ్మమ్మలు ఆడపిల్ల సుఖపడాలని పెట్టుకున్న ఆనవాయితీ! అల్లం పెట్టి, కారప్పొడి పెట్టి, నడుముకు గుడ్డ కట్టి, ఆర్నెల్ల దాకా పని ముట్టుకోనివ్వకూడదని పెట్టుకున్నది. దాన్ని తీసుకొచ్చి ఇక్కడ నా నోటి దగ్గరి కూడు లాక్కోవడానికి వాడారు. మేనేజరు నిజంగా నమ్మాడో, నమ్మితే తనకు లాభమని నమ్మాడో నాకు అనవసరం. ఎవరూ అడగకపోతే చట్టం లేనట్టేనా? అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు, నిజమే. కానీ అడగనిచ్చిందెవరు?

"అన్నా, ఇది ఉన్నదున్నట్టు చెప్పండి. మా ఆనవాయితీ కాన్పుకి. సెలవు పేరుకి కాదు. బిడ్డను ఎక్కడ కన్నా అది కాన్పే. ఇక్కడ కుదరదంటే నేను లేబర్ ఆఫీసుకి వెళ్తాను. నా ముందు కన్నవాళ్లందర్నీ కూడా వెంటబెట్టుకుని వెళ్తాను."

అన్న చెప్పాడు. ఉన్నదున్నట్టే చెప్పాడు, ఎందుకంటే చివరి మాటకి మేనేజరు చేతిలో కప్పు ఆగింది. కప్పు కింద పెట్టి, అన్నతో పొడిగా రెండు మాటలన్నాడు. మార్చెయ్యమని.

అన్న గదిలోకి ఆయన వెనకే వెళ్లాను. నా కళ్లముందు మారిస్తేగానీ కదలనన్నాను. ఆయన కంప్యూటర్‌లో నా పేరు తెరిచి, సెలవు రకం అన్నచోట నొక్కాడు. ఒక పట్టీ కిందకి దిగింది. పైన వార్షిక సెలవు. దాని కిందే, రెండో వరసలో, ప్రసూతి సెలవు. ఆ వరస ఎన్నేళ్లుగా అక్కడ ఉందో! ఆయన రోజూ దాని మీదుగానే వేలు పోనిచ్చి ఉంటాడు. నొక్కాడు. మారిపోయింది. ఇంత చిన్న పని. దీనికోసం ఒక పిల్ల సింకులో పాలు పిండుకుంది.

"ఇది ఇక్కడే ఉందా అన్నా, ఇన్నాళ్లూ?"

"ఉన్నదమ్మా."

"చూడలేదా?"

"చూసిన. వాళ్లకనుకున్న."

ఇంకో మాటంటే ఏడుపొచ్చేలా ఉంది, ఆ గదిలో ఏడవదల్చుకోలేదు. బయటికొచ్చేశాను.

పాప గాజుపెట్టె లోంచి బయటకొచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. దాన్ని నా గుండెల మీదే ఇంటికి తీసుకొచ్చాను. ఇంటికొచ్చినా పీల్చే బలం లేదు. పాలు పిండి, గొట్టంలోంచి కొద్దికొద్దిగా పోయాలి. ఊపిరి ఆగితే కూసే చిన్న మిషను పాదానికి కట్టి ఉండేది. ఒక మనిషి ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. సెలవు అయిపోవస్తుండగా, అప్పుడు దాటేసిన ఆ వాక్యం మళ్లీ వెతుక్కున్నాను. పిల్లల డాక్టరు రిపోర్టు జతచేసి, జబ్బుగా ఉన్న బిడ్డకోసం ఇచ్చే నెల అడిగాను. గొడవకి నడుం కట్టుకునే ఉన్నాను. ఆ సాయంత్రమే మంజూరైందని సందేశమొచ్చింది. ఈసారి కొబ్బరిచెట్టు లేదు. అన్న దాన్ని తీయించేశాడని తర్వాత తెలిసింది.

ఆ నెలలోనే ఒక శుక్రవారం అన్న మా ఇంటికొచ్చాడు. చేతిలో పాపకో ఉన్ని టోపీ, ఖర్జూరాల డబ్బా. చెప్పకుండానే సబ్బుతో చేతులు కడుక్కుని, ఉయ్యాలకి దూరంగానే నిలబడి చూశాడు. నాకు ఇంకా కోపం పోలేదు. కూర్చోమన్నాను, టీ పెట్టాను, అంతే. మా ఆయనే ఏవో మాటలు కలిపాడు. ఆయన సగం వింటూ, సగం వినకుండా కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

"అమ్మా, ఒకటడుగుత," అన్నాడు చివరికి. "గా చట్టంల... తండ్రి సచ్చిపోతె గూడ ఏమన్న ఉంటదా?"

ఫోను తీసి, ఆ భాగం తెరిచి ఆయన చేతికిచ్చాను. భార్యగానీ భర్తగానీ, తల్లిదండ్రులుగానీ పిల్లలుగానీ పోతే అయిదు రోజుల సెలవు, పూర్తి జీతంతో. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అరబ్బీలోనే చదివాడు. కుడినుంచి ఎడమకి వేలు మెల్లగా కదులుతోంది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది.

"మా నాయిన మూడేండ్ల కింద పోయిండు," అన్నాడు తల ఎత్తకుండా. "నేను అప్పుడే ఊరికి పోయొచ్చిన. ఎకేషన్ ఏం మిగల్లే. సెలవు లేదని నాకు నేనే చెప్పుకున్న. పెద్దకొడుకును నేను. తలకొరివి తమ్ముడు పెట్టిండు. వీడియో కాల్ చేసిండు, ఆఫీసుల కూసొనే చూసిన. ఆ దినం గూడ ఇద్దరు ముగ్గురి ఎకేషన్లు ఎక్కించిన."

మా ఆయన లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నాకు జాలేసింది. జాలికంటే ముందు కోపమొచ్చింది, ఇంతకుముందెప్పుడూ రానంత. ఈ మనిషి మమ్మల్నందర్నీ మోసం చేశాడని ఇన్నాళ్లూ పళ్లు నూరాను. మాకంటే ముందు తనకే చెప్పుకున్నాడు ఆ మాట. తన కన్నతండ్రి చితి దగ్గర కూడా నమ్మాడు. ఈ కోపాన్ని ఇక ఎవరి నెత్తిన వెయ్యను?

అన్న ఫోను నాకు తిరిగివ్వలేదు. ఆ వాక్యం మీద వేలు అలాగే ఉంచి అడిగాడు.

"గిది మనకు గూడ ఉండెనా అమ్మా?"

మెత్తగా చెప్పాలనే చూశాను. గొంతు నా మాట వినలేదు.

"ఉందన్నా. అప్పుడూ ఉంది."